పాత కారు గడియారము

పాతవస్తువు కంటబడినపుడు మనుజులకు సాధారణముగా రెండు బుద్ధులు పుట్టును. పనికిరాదని పారవేయుట మొదటిది. వెంటనే విప్పి బాగుచేయ బూనుట రెండవది. ఈ రెండింటి వలనను వస్తువునకు హాని కలుగవచ్చును. వీటి నడుమ మూడవ మార్గమొకటి కలదు. వస్తువుపై చేయి వేయుటకు ముందు అది యేదో, ఎట్లు పనిచేయునో తెలిసికొనుటయే ఆ మార్గము. ఒక చిన్న గడియారపు కథ వలన ఈ సంగతి బోధపడగలదు.

గిద్దలూరునకు సమీపమున, నల్లమల కొండల చెంత, రాచర్ల యను ఊరు కలదు. ఆ యూరిలో ఎనిమిదవ తరగతి చదువుచున్న యొక బాలునకు తన యింటి అటకమీద గుండ్రని యిత్తడి వస్తువొకటి దొరకినదని ఊహింపుడు. అది అరచేతిలో ఇమిడియుండెను. ముందువైపున దళసరి గాజు, గాజు వెనుక నల్లని డయలు, డయలుపై వెలిసిపోయిన పసుపు రంగు అంకెలు, రెండు ముండ్లు ఉండెను. అది గడియారమని బాలుడు గ్రహించెను. కాని అది యెట్టి గడియారము? గోడకు తగిలించుటకు కొక్కెము లేదు. బల్లపై నిలుపుటకు కాళ్లు లేవు. జేబు గడియారమునకుండు గొలుసు లేదు. వెనుకవైపున మాత్రము ఒక ఇనుపకమ్మియు, దానిని బిగించు రెండు మరమేకులును కలవు.

బాలుడు దానిని అవ్వకు చూపెను. ఆమె కొంగుతో గాజును తుడిచి, చాలసేపు చూచి, "ఇది మీ ముత్తాత నడిపిన కారులోనిది, నాయనా. యజమాని ఆ కారును అమ్మివేయునాడు దీనిని ఊడదీసి ఆయనకు బహుమానముగా నిచ్చెనట. నేను ఈ యింటికి కోడలినై వచ్చునప్పటికి ఇది కిటికీలో నుండెడిది. ప్రతి ఆదివారమును మా మామగారు దీనికి కీ యిచ్చెడివారు. ఆయన పోయిన యేడే ఇదియు నాగిపోయెను" అనెను.

పొరుగింటివాడు చూచి, పాత యిత్తడి తూకమునకు వేసినచో నాలుగు డబ్బులు వచ్చునని చెప్పెను. మేనమామ చూచి, లోపలి యంత్రమును తీసివేసి కొత్త బ్యాటరీ యంత్రమును పెట్టించినచో గంటలో నడచునని చెప్పెను. బాలుడు ఎవరి మాటను వినక స్క్రూడ్రైవరును చేతబట్టెను. ఈ మూడు పనులలో ఏది జరిగినను ఆ గడియారము ఆనాటితో చెడియుండెడిది. అవ్వ వాని చేయి పట్టుకొని, "తెలిసినవారికి చూపక విప్పవలదు" అని వారించెను.

మఱునాడు బాలుడు గడియారమును గుడ్డలో చుట్టుకొని గిద్దలూరునకు పోయెను. అచ్చటి బజారులో చిన్నబల్ల యొకటి వేసికొని గడియారములు బాగుచేయు వృద్ధుడుండెను. ఆయన కంటికి భూతద్దము తగిలించుకొని గడియారమును అటునిటు త్రిప్పి చూచెను. చెవికడ పెట్టుకొని మెల్లగా కదపి వినెను. డయలుపై నున్న సన్నని యక్షరములను చదివి ఒక కాగితముపై వ్రాసికొనెను. పనిముట్లను మాత్రము ముట్టుకొనలేదు.

"ఎప్పుడు విప్పుదురు, తాతా?" అని బాలుడు తొందరపడెను.

"విప్పుట కడపటి పని, నాయనా. ముందు దీని పేరు, ఊరు, వయస్సు తెలియవలెను. రోగిని ప్రశ్నింపకయే మందిచ్చు వైద్యుని నమ్ముదువా?" అని వృద్ధుడు నవ్వెను.

మోటారు కార్లు పుట్టిన తొలిదినములలో వాటికి గడియారములు ఉండెడివి కావు. ప్రయాణికులు తమ జేబు గడియారములనే వాడుకొనెడివారు. తరువాత కొన్ని సంస్థలు కార్ల కొఱకు ప్రత్యేకముగా గడియారములను చేయసాగినవి. లండను నగరమున శామ్యూల్ స్మిత్ 1851లో నెలకొల్పిన వ్యాపారము నుండి పెరిగిన స్మిత్స్ సంస్థ వాటిలో నొకటి. ఆ సంస్థవారు 1904లో ఇంగ్లండు రాజగు ఏడవ ఎడ్వర్డు కారునకు వేగమును చూపు సాధనమును చేసి యిచ్చిరి. అమెరికాలో వాల్తం సంస్థయు, ఫ్రాన్సులో జేగర్ సంస్థయు కారు గడియారములకు పేరుపొందినవి. తెలుగునాటికి కార్లు మొదట సంస్థానాధీశుల యిండ్లకు వచ్చినవి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొఱకు చేయింపబడిన రోల్స్ రాయిస్ కారును హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున చూడవచ్చును. ఆ నిజాము 1911లో మరణించెను. కాలక్రమమున వైద్యులు, న్యాయవాదులు, వర్తకులు కూడ కార్లను కొనసాగిరి. కారుతో పాటు దాని గడియారమును వచ్చెను.

కారులో నుంచు గడియారము కుదుపులకు తట్టుకొనవలెను. గోడ గడియారములో ఊగు లోలకము కారులో పనిచేయదు. త్రోవ యందలి ప్రతి గుంతకును దాని ఊపు చెడును. అందుచే కారు గడియారమునందు జేబు గడియారమునందు వలె ఒక చిన్న చక్రముండును. దానికి బాలెన్సు చక్రమని పేరు. వెండ్రుక వంటి సన్నని స్ప్రింగు దానిని అటునిటు ఊపుచుండును. ఇట్టి గడియారములు పెక్కు సెకనునకు 5 మారులు టిక్కుమనును. అనగా గంటకు 18,000 మారులు, దినమునకు 4,32,000 మారులు. ఇంత శ్రమను ఆవగింజంత యిరుసులు భరించుచుండును. నల్లమల ఎండకు నూనె ఆరి, బాటల దుమ్ము దానితో కలిసినచో అవి యెంతకాలము తిరుగగలవు?

కారు గడియారములలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. మొదటిది కీ యిచ్చు జాతి. ఒకసారి కీ యిచ్చినచో ఎనిమిది దినములు నడచును. వారమున కొకసారి నియమముగా కీ యిచ్చువారికి ఒక దినము మిగులుగా నుండునని ఈ యేర్పాటు. కొన్నిటికి వెనుక చిన్న కీ ఉండును. కొన్నిటికి కీయే యుండదు. గాజు చుట్టునున్న లోహపు అంచునే చేతితో త్రిప్పవలెను. ఏలయన, కారు పలకలో బిగించిన తరువాత గడియారము వెనుకకు చేయి పోదు.

రెండవది విద్యుత్తుతో నడచు జాతి. వీటిలో పెక్కింటికి లోపల చిన్న స్ప్రింగే ఉండును. అది వదులైనపుడు రెండు లోహపు మొనలు ఒకదానికొకటి తాకును. అప్పుడు బ్యాటరీ నుండి విద్యుత్తు ఒక తీగచుట్టలో ప్రవహించి దానిని అయస్కాంతముగా చేయును. ఆ యయస్కాంతపు బలముతో స్ప్రింగు మరల బిగిసి, మొనలు విడిపోవును. కొలది నిమిషముల కొకసారి ఇట్లు జరుగుచుండును. కారు బ్యాటరీ బలహీనమైనచో స్ప్రింగును బిగించు శక్తి చాలదు. మొనలు విడిపోక అట్లే అంటుకొనియుండును. విద్యుత్తు ఎడతెగక ప్రవహించి మొనలను, తీగచుట్టను కాల్చును. ఈ జాతి గడియారములు చెడుటకు ఇదియే సామాన్య కారణము. మఱియు కొన్ని కార్ల బ్యాటరీలు 6 వోల్టులవి, కొన్ని 12 వోల్టులవి. 6 వోల్టుల గడియారమునకు 12 వోల్టుల బ్యాటరీ తగిలించినచో అది కాలిపోవును. కావున గడియారముపై వ్రాసినది చదువక తీగలు తగిలింపరాదు.

వృద్ధుడు బాలుని గడియారపు అంచును వ్రేళ్లతో పట్టి ఇంచుక త్రిప్పి చూచెను. అది కదలెను. "ఇది కీ యిచ్చు జాతి. అంచే దీనికి కీ" అని ఆయన చెప్పెను. డయలుపై ఎనిమిది దినములని తెలుపు ఆంగ్ల పదములును, స్మిత్స్ అను పేరును, దాని చెంత ఎం.ఏ. అను రెండక్షరములును ఉండెను.

బాలుడు ఆశ్చర్యపడి, "ఈ గడియారము ఎం.ఏ. చదివినదా, తాతా?" అని యడిగెను.

వృద్ధుడు పకపక నవ్వి, "చదువు కాదు, నాయనా. మోటారు సామగ్రి యను అర్థమిచ్చు రెండు ఆంగ్ల పదముల తొలి యక్షరములవి. స్మిత్స్ వారు ఆ పేరుతో కంపెనీని 1914లో నెలకొల్పిరి. కావున ఇది అంతకు పూర్వము చేసినది కాజాలదు. చూచితివా? రెండక్షరములు దీని వయస్సున కొక హద్దు చూపినవి" అనెను.

గడియారము ఆనవాలు పట్టుటలో మఱొక మెలకువ కలదు. డయలుపై నున్న పేరు చేసినవారి పేరే కానక్కరలేదు. జేగర్ అను ఫ్రెంచి పేరు గల సాధనములు పెక్కు ఇంగ్లండు కార్లలో కానవచ్చును. కాని ఇంగ్లండులోని జేగర్ శాఖ స్మిత్స్ వారి చేతికి వచ్చినందున వాటిలో చాలభాగము స్మిత్స్ వారు చేసినవే. కొన్ని గడియారములపై కారు కంపెనీ పేరు మాత్రమే యుండును. కావున ముఖముపై పేరును, యంత్రముపై గుర్తులను, అంకెలను కలిపి చదువవలెను. వాల్తం గడియారముల యంత్రములపై వరుస సంఖ్య చెక్కబడియుండును. ఆ సంఖ్యను బట్టి అది యే కాలమున చేయబడినదో చెప్పవచ్చును.

ఇంతలో బాలుని చూపు అంకెలపై పడెను. "ఈ రంగు వెలిసిపోయినది. గాజు తీసి, దీనిని గీకివేసి, కొత్తరంగు నేనే వేసెదను, తాతా" అని వాడు గోటితో అంచును ఊడదీయబోయెను. వృద్ధుడు తటాలున గడియారమును లాగుకొనెను. ఆయన ముఖమున నవ్వు మాయమయ్యెను.

ఆ భయమునకు తగిన కారణము కలదు. పూర్వము చీకటిలో అంకెలు కనబడుటకై డయళ్లపై రేడియము కలిపిన రంగును వేసెడివారు. రేడియమును క్యూరీ దంపతులు 1898లో కనుగొనిరి. దాని కిరణములు తగిలి జింకు సల్ఫైడు అను పదార్థము వెలుగును. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ఆరెంజ్ పట్టణమున పలువురు యువతులు ఈ రంగును డయళ్లపై వేయు పనిలో చేరిరి. అంకె సన్నగా వచ్చుటకు కుంచె మొనను పెదవులతో తడిపి కూర్చుమని వారికి నేర్పిరి. రంగు అపాయకరమని వారెఱుగరు. ప్రతి మారును ఇంచుక రేడియము వారి కడుపులోనికి పోయి ఎముకలలో చేరెను. పండ్లూడెను. దవుడ యెముకలు కుళ్లెను. కొందఱు చిన్నవయసుననే మరణించిరి. గ్రేస్ ఫ్రయర్ అను యువతియు, మఱి నలుగురును 1927లో న్యాయస్థానమున దావా నడపిరి. 1928లో కంపెనీవారు రాజీపడి వారికి ధనమిచ్చుటకు ఒప్పుకొనిరి. ఆ స్త్రీల ధైర్యము వలన పనివారి ఆరోగ్యరక్షణ విషయమున లోకము కన్ను తెఱచెను.

ఇందు విద్యార్థులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. వెలుగు పోయినంత మాత్రమున రేడియము పోయినట్లు కాదు. వెలుగునిచ్చు జింకు సల్ఫైడు కొలది సంవత్సరములలో చెడిపోవును. రేడియము బలము సగమగుటకు సుమారు 1,600 సంవత్సరములు పట్టును. గాజు బిగిసియున్నంత వఱకు అపాయము తక్కువ. గాజు తీసి రంగును గీకినచో ఆ ధూళి ఊపిరితో లోనికి పోవును. కావున పాత డయలుపై ఇట్టి రంగున్నపుడు, పరీక్షించి చూచువఱకు దానిని విషమనియే తలచి, ముట్టక యుండవలెను.

వృద్ధుడు ఈ మాటలన్నియు బాలునకు చెప్పి, రేడియో ధార్మికతను కొలుచు సాధనము గలవారిచేత గడియారమును పరీక్షింపజేసెను. సాధనమునందు ఏ మార్పును కానరాలేదు. ఎవరో యెప్పుడో మామూలు రంగుతో ఆ యంకెలను దిద్దియుండిరని తేలెను. "రేడియమే యైనచో ఏమి చేసియుందురు?" అని బాలుడడిగెను. "గాజు తీయకయే, ఆగిన గడియారముగనే మీ యింట భద్రపరచుమని చెప్పియుందును. నడిపించుట కంటె మనిషి ముఖ్యము" అని వృద్ధుడు బదులు చెప్పెను.

అప్పుడు గాని పని మొదలు కాలేదు. ఆగిన గడియారమున స్ప్రింగు వదులై యుండునని యనుకొనరాదు. నూనె బంకగా మారి చక్రములు ఆగినపుడు స్ప్రింగు పూర్ణబలముతో చుట్టుకొనియే యుండవచ్చును. అట్టి స్థితిలో విప్పినచో చక్రముల పండ్లు విరుగును, చేతులకు గాయములగును. వృద్ధుడు స్ప్రింగును ఆపియుంచు చిన్న కొక్కెమును మెల్లగా తప్పించుచు, దాని బలమును కొంచెము కొంచెముగా వదలించెను. స్క్రూడ్రైవరు పట్టిననాడు బాలునకు ఈ సంగతి తెలియదు.

తరువాత ఒక్కొక్క భాగమును తీయుచు, తీసిన వరుసలో చిన్నగిన్నెలలో నుంచెను. ఏ మరమేకు ఎక్కడిదో బొమ్మ గీయుమని బాలునకు పని యప్పగించెను. బాలుడు మార్కాపురపు పలకపై చక్కగా బొమ్మలు గీసెను. కాని సాయంకాలమున బల్ల తుడుచునపుడు వాని మోచేయి తగిలి బొమ్మలో సగము చెరిగిపోయెను. వాడు కంటనీరు పెట్టుకొనెను. వృద్ధుడు తాను కాగితముపై వ్రాసికొన్నది చూపి, "పలకమీద చెరిగినది మరల గీయవచ్చును. భయపడకుము" అని యోదార్చెను.

గడియారమున ఏ భాగమును విరుగలేదు. నూనె ఆరి, దుమ్ముతో కలిసి నల్లని బంకయైనది. అదియే రోగము. వృద్ధుడు చక్రములను శుద్ధిచేయు ద్రవములో కడిగి, యిరుసులు తిరుగు రంధ్రములను సన్నని కొయ్యపుల్లతో తుడిచి ఆరబెట్టెను. అట్టి ద్రవములు నిప్పును త్వరగా అంటుకొనును గనుక దీపము లేని చోట, గాలి యాడు చోట ఆ పని చేసెను. తిరిగి కూర్చిన పిదప యిరుసులకు సూదిమొనతో మాత్రము నూనె పెట్టెను. "ఎక్కువ నూనె పోసిన బాగుగా తిరుగదా?" అని బాలుడడిగెను. ఎక్కువ నూనె పారి, దుమ్మును పట్టి, మరల బంకయగును. వెండ్రుక వంటి స్ప్రింగునకు నూనె తగిలినచో దాని చుట్లు ఒకదానికొకటి అంటుకొని గడియారము తప్పుగా పరుగెత్తును. డయలును మాత్రము వృద్ధుడు కడుగలేదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి విడిచెను.

అంచును నాలుగు చుట్లు త్రిప్పగా గడియారము టిక్కుటిక్కుమనెను. కాని నడచుట వేరు, సరిగా నడచుట వేరు. మొదటి దినమున అది 4 నిమిషములు వెనుకబడెను. దినమునకు 86,400 సెకనులు. 4 నిమిషములనగా 240 సెకనులు. అనగా 360 భాగములలో ఒక భాగము మందగించినది. బాలుడు సూర్యుడు నడినెత్తికి వచ్చు వేళను చూచి దిద్దవచ్చునా యని యడిగెను. అది తగదు. 1906 మొదలు అమలులో నున్న భారతీయ కాలమానము కాకినాడ సమీపముగా పోవు 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి యేర్పడినది. రాచర్ల దానికి సుమారు 3½ డిగ్రీలు పడమర నున్నది. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున అచ్చట మధ్యాహ్నము సగటున 14 నిమిషములు ఆలస్యముగా వచ్చును. కావున సెల్‌ఫోనులోని వేళతో పోల్చుచు, త్వరను, మందమును సూచించు ఎఫ్, ఎస్ అను అక్షరముల నడుమ నున్న చిన్న మీటను దినమునకు వెండ్రుకవాసి చొప్పున ఎఫ్ వైపునకు జరిపిరి. వారము దినములకు తేడా దినమునకు ఒక నిమిషమునకు తగ్గెను. వృద్ధుడు అంతటితో చాలించెను.

గడియారమును తీసికొనిపోవుటకు మేనమామయు వచ్చెను. "కొత్త యంత్రము పెట్టినచో ఒక్క నిమిషమును తప్పదు గదా?" అని ఆయన యనెను. వృద్ధుడు, "నిజమే, అయ్యా. వేళ తెలిసికొనుటకే యైనచో కొత్త గడియారము కొనుట మేలు. పాత యంత్రము బొత్తిగా చెడినచో కొత్తది పెట్టుటయు తప్పు కాదు. కాని పాతదానిని పారవేయక డబ్బాలో నుంచి, ఏమి మార్చితిమో కాగితముపై వ్రాసి పెట్టవలెను. మార్చిన సంగతి దాచి, అంతయు పాతదేయని అమ్ముట మోసము" అని బదులు చెప్పెను. ఆ మాట చొప్పుననే ఆయన తాను చేసిన పనినంతయు ఒక చీటిపై వ్రాసి, తేదీ వేసి బాలుని చేతికిచ్చెను.

ఆ రాత్రి అవ్వ గడియారమును పూర్వము వలెనే కిటికీలో నుంచెను. ఇల్లు సద్దుమణగిన పిదప దాని చప్పుడు వినబడెను. "ఆదివారము మఱువకుము" అని మాత్రమే ఆమె మనుమనితో చెప్పెను.

ఒకప్పుడు మార్కాపురపు పలకలు దేశమందలి పిల్లల చేతులలో నుండెడివి. పలకమీద తప్పు వ్రాసినచో చెరిపి మరల వ్రాయవచ్చును. పాతవస్తువు పలక వంటిది కాదు. తెలియక గీకిన అంకె, పారవేసిన యంత్రము, పొందిన రోగము మరల మునుపటి వలె కావు. కావున ముందు చూడవలెను, చదువవలెను, తెలిసినవారిని అడుగవలెను. ఆ తరువాతనే చేయి వేయవలెను. చేసినది దాచక వ్రాసి యుంచవలెను.

ప్రశ్నలు

1. కారు గడియారమున లోలకము ఏల పనిచేయదు?
2. బ్యాటరీ బలహీనమైనచో విద్యుత్తు గడియారము ఎట్లు చెడును?
3. గడియారముపై నున్న రెండక్షరములను బట్టి వృద్ధుడు దాని వయస్సును గూర్చి ఏమి గ్రహించెను?
4. అంకెలపై వెలుగు పోయినను రేడియము అపాయకరమని ఏల చెప్పుదురు?
5. మేనమామ మాటకు వృద్ధుడిచ్చిన సమాధానమును మీ సొంతమాటలలో వ్రాయుడు.